మూడో నంబరు మిషను

తెనాలిలో నబీ సాహెబ్‌ని తీరిగ్గా కూర్చుని ఉండగా చూసినవాళ్లు బహు తక్కువ. అన్నానికి కూర్చున్నా మధ్యలో లేచి గుమ్మం దాకా వెళ్లి వచ్చేవాడు. టీ కొట్టు దగ్గర ఆగితే గ్లాసు చేతిలో పట్టుకుని అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తూ తాగేవాడు. అతని భార్య గౌస్ బీ పెళ్లైన కొత్తలో ఇది చూసి కంగారుపడింది, తర్వాత కోప్పడింది, ఆ తర్వాత పట్టించుకోవడం మానేసింది. "మీ నాన్నకి దేవుడు కాళ్లిచ్చాడు గానీ, వాటికి ఆగడం నేర్పలేదు" అని పిల్లలతో అనేది. ఆ మనిషి కదలకుండా గంటల తరబడి కూర్చునేది ఒక్కచోటే, టైపు మిషను ముందు.

ఇరవై రెండో ఏట గుంటూరులో ఒక టైపు మిషన్ల సర్వీసు షాపులో పనికి చేరాడు. ఆ షాపు మూతపడ్డాక సొంత ఊరు తెనాలికి వచ్చేసి, ఒక గుడ్డసంచీ భుజాన వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. సంచీలో నాలుగు స్క్రూడ్రైవర్లు, రెండు పట్టకార్లు, పళ్లు తోముకునే బ్రష్షు ఒకటి, చిన్న సీసాలో నూనె, ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేవి. ఆ డబ్బా అతనికి ప్రాణం. పాడైపోయిన మిషన్లలోంచి ఊడదీసిన స్ప్రింగులూ మరలూ నాలుకలూ అన్నీ అందులో ఉండేవి. అరిగిపోయిన ముక్కని కూడా పారేసేవాడు కాదు. తెనాలి కోర్టు బయట చెట్టు కింద అర్జీలు కొట్టేవాళ్ల దగ్గర్నుంచి బాపట్ల ఆఫీసుల దాకా, రేపల్లె ఇన్‌స్టిట్యూట్ల దాకా, ఎక్కడ మిషను మొరాయించినా నబీ సాహెబ్‌కే కబురు వచ్చేది. పొద్దున రేపల్లె పాసింజరు, మధ్యాహ్నం బాపట్ల బస్సు, సాయంత్రం మళ్లీ తెనాలి. ముప్పై ఆరేళ్లుగా ఇదే తిరుగుడు.

మిషను ఎక్కడ నొప్పి పడుతోందో చెవితోనే చెప్పేసేవాడు. గదిలో పది మంది కొడుతుంటే వరండాలో నిలబడి, "ఆ కిటికీ పక్క మిషనుకి బెల్లు దగ్గర మర వదులైంది" అనేవాడు. చూస్తే వదులయ్యే ఉండేది. ఈ పేరంటే అతనికి లోపల బోలెడు గర్వం. ఒకసారి చెయ్యి వేశాక మళ్లీ ఆ మిషను గురించి ఎవరూ ఫిర్యాదు చెప్పకూడదు, అదీ అతని పంతం. ఒక లోపం కూడా ఉంది, అది ఎవరూ చెప్పలేదు గనక అతనికి తెలియదు. మిషను దగ్గరికి వచ్చాక, దాని ముందు రోజూ కూర్చునే మనిషి వైపు తలెత్తి చూసేవాడు కాదు. "మీరు కాస్త లేవండి" అనేవాడు, అంతే.

ఈ కథ రెండు వేల అయిదు ఫిబ్రవరి నాటిది. అప్పటికి ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చేశాయి. పెద్దకొడుకు షఫీక్ తెనాలిలోనే కంప్యూటర్ల షాపు పెట్టి, "ఇక చాలించు అబ్బాజాన్, కీబోర్డు పాడైతే పారేసే రోజులివి" అని పోరుతూనే ఉన్నాడు. కానీ సర్కారు టైపు పరీక్ష మాత్రం ఇంకా పాత మిషన్ల మీదే జరుగుతోంది. ఆ పరీక్షకి ఎవరి మిషను వాళ్లే తెచ్చుకోవాలి. అందుకని ఇన్‌స్టిట్యూట్ల వాళ్లు పరీక్షకి రెండ్రోజుల ముందు తమ మిషన్లకి గోనెపట్టాలు చుట్టి, మధ్యలో వరిగడ్డి కుక్కి, ట్రాలీ ఆటోల మీద బాపట్లలోని పరీక్ష కేంద్రానికి చేరవేసేవారు. ఒక్కో మిషనుకీ హాల్ టికెట్టు నంబరూ పేరూ రాసిన చీటీ అంటించి ఉండేది. ముందురోజు మెకానిక్కు వచ్చి అన్నింటినీ ఒకసారి చూసి పెట్టాలి. పరీక్ష రోజు వరండాలో సంచీతో సిద్ధంగా ఉండాలి. నబీ సాహెబ్ వరండాలో ఉన్న పరీక్షలో చెయ్యెత్తి మిషను బాగాలేదన్న అభ్యర్థి ఇంతవరకూ లేడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అతను హాల్లో వరసగా మిషన్లు చూస్తూ వస్తున్నాడు. రేపల్లె నుంచి వచ్చిన వాటి దగ్గరికొచ్చేసరికి మూడో నంబరు మిషను చేతికి తగిలింది. రేపల్లెలో జ్ఞానమ్మ టీచరు నడిపే ఇన్‌స్టిట్యూట్లో అది అన్నిటికన్నా పాతది. కిందటి ఆగస్టులో అతనికి కంటి ఆపరేషను అయింది. డాక్టరు నెల్లాళ్లు కదలొద్దన్నాడు, గౌస్ బీ దాన్ని నాలుగు నెలలు చేసింది. ఆ తర్వాత కూడా తెనాలి దాటనివ్వలేదు. అంచేత ఆరు నెలలుగా జ్ఞానమ్మ మిషన్ల మీద అతని చెయ్యి పడలేదు.

చీటీ మీద పేరు చూశాడు. ప్రమీలారాణి. ఆ అమ్మాయి సంగతి జ్ఞానమ్మ ఫోన్లో చెప్పి ఉంది. అమృతలూరు దగ్గర వ్యవసాయ కుటుంబం. భర్త రేపల్లెలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేస్తూ పోయాడు. ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు గానీ, గడువులోగా తెలుగు టైపు పరీక్ష ప్యాసవ్వాలని షరతు పెట్టారు. రెండుసార్లు తప్పింది. ఇది ఆఖరిసారి. ఈసారీ తప్పితే అదే ఆఫీసులో అటెండరుగా దించేస్తారు. భర్త కూర్చున్న కుర్చీలో ఇంకెవరో కూర్చుంటే వాళ్లకి మంచినీళ్లు అందించాలి.

"ఈ పిల్లకి మిషను పూలరథంలా నడవాలి" అనుకుని కాగితం ఎక్కించి ఒక్కో అక్షరం కొట్టి చూశాడు. 'కి'లో అక్షరం మీద పడే గుడి దగ్గర ఆగిపోయాడు. తెలుగు మిషన్లో గుడి కొడితే, కాగితాన్ని మోసే క్యారేజీ కదలకూడదు. గుడి కాగితం మీద పడి అక్కడే ఆగాలి, తర్వాత కొట్టిన అక్షరం దాని కింద కుదురుకోవాలి, అప్పుడు క్యారేజీ ఒక గడి జరగాలి. ఇక్కడేమో గుడి కొట్టగానే క్యారేజీ ఒక గడి ముందుకి దూకుతోంది. దాన్ని పట్టి ఉంచే చిన్న ఇనుప నాలుక అరిగిపోయింది.

అతనికి ఒళ్లు మండింది. ఇలాంటి మిషనుతో ఆ పిల్లని పరీక్షకి పంపుతారా అని లోపల జ్ఞానమ్మని నాలుగు తిట్టుకున్నాడు. బిస్కెట్ల డబ్బా నేల మీద బోర్లించి, గంటసేపు వెతికి, సరిపోయే నాలుకని పట్టుకున్నాడు. అరిగిన ముక్క తీసి డబ్బాలో పడేసి, కొత్తది బిగించాడు. గుడి కొట్టాడు. క్యారేజీ కదల్లేదు. ఇరవైసార్లు కొట్టాడు, ఇరవైసార్లూ కదల్లేదు. సంతోషంగా మూత పెట్టి, సాయంత్రం బండికి తెనాలి వచ్చేశాడు.

మర్నాడు శనివారం పొద్దుటి బ్యాచీకి బాపట్లలోనే ఉండే ఇంకో మెకానిక్కు డ్యూటీ. మధ్యాహ్నం రెండు గంటల తెలుగు బ్యాచీ నుంచి నబీ సాహెబ్‌ది. అతనికి మాత్రం తెల్లవారకముందే కాళ్లలో పురుగు తొలిచింది. ఆదివారం పరీక్ష రాసే ఒక అభ్యర్థి మిషన్లో రోలరు జారుతోందని, అందుకే అది ఇంకా బాపట్ల పంపలేదని జ్ఞానమ్మ కబురు పెట్టింది కదా, అటుగా వెళ్లి అటే బాపట్ల వెళ్తానన్నాడు.

"రెండింటికి డ్యూటీ అయితే ఆరింటికి బయల్దేరడం ఏంటి?" అంది గౌస్ బీ.

"ఇంట్లో కూర్చుని ఏం చేయాలి?" అన్నాడు చెప్పులు తొడుక్కుంటూ.

"కూర్చోవడమే చేయాలి. అందరూ అదే చేస్తారు" అంది ఆమె. ఆ మాట వీధిలోకి వచ్చేసరికే అతను మలుపు తిరిగాడు.

రేపల్లెలో పాసింజరు దిగి ఇన్‌స్టిట్యూట్‌కి చేరేసరికి తొమ్మిది కావస్తోంది. పెంకుటింటి ముందు వసారాలో మిగిలిన నాలుగు మిషన్లూ, లోపల గదిలో జ్ఞానమ్మ వంటా. రోలరు పని ముగించి చేతులు తుడుచుకుంటుండగా షాహీన్ అనే పిల్ల వచ్చి పక్క మిషను ముందు కూర్చుంది. ఇంటరు చదివి కొత్తగా టైపు నేర్చుకుంటోంది. చప్పుడు విని నబీ సాహెబ్ చెవి నిక్కబొడుచుకుంది. టక్కు మని ఒక దెబ్బ, వెంటనే వెనక్కి జరిపే మీట చప్పుడు, మళ్లీ టక్కు. నాలుగు దెబ్బలకొకసారి అదే వరస. వెళ్లి భుజం మీదుగా కాగితం చూశాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నల్లటి ముద్దలు అయి ఉన్నాయి.

"ఏంటి బేటీ ఇది? గుడి కొట్టినప్పుడల్లా వెనక్కి ఎందుకు జరుపుతున్నావు?"

షాహీన్ నాలుక కరుచుకుంది. "అలవాటైపోయింది చాచా. నేను మూడో నంబరు మిషను మీద నేర్చుకున్నాను కదా, దాని మీద గుడి కొడితే ముందుకి పోతుంది. కొట్టగానే ఒకసారి వెనక్కి జరపాలని ప్రమీలక్క నేర్పింది. ఇప్పుడది బాపట్ల వెళ్లిపోయింది. దీని మీద కూర్చుంటే నా వేలు ఆగట్లేదు."

"ప్రమీలక్క కూడా అలాగే కొడుతుందా?"

"అక్క చాలా స్పీడు చాచా. వెనక్కి జరిపినట్టు కూడా తెలియదు. ఆరు నెలల నుంచి దాని మీదే కదా."

నబీ సాహెబ్ చేతిలోని గుడ్డ పక్కన పడేశాడు. గుడి లేని వాక్యం తెలుగులో ఎక్కడుంది? ఇప్పుడా మిషన్లో గుడి కదలదు. ఆ అమ్మాయి వేలు మాత్రం వెనక్కి జరుపుతుంది. జరిపిన ప్రతిసారీ అక్షరం వెళ్లి ముందు అక్షరం మీద కూర్చుంటుంది. ఒక్క పేజీలో ఎన్ని గుళ్లో అన్ని తప్పులు. ఆ పిల్ల పరీక్ష తప్పేలా చేసింది ఎవరు? చక్కగా బాగుచేసి, ఇరవైసార్లు కొట్టి చూసుకుని మురిసిపోయిన తనే.

అట్లకాడ చేత్తో పట్టుకునే జ్ఞానమ్మ బయటికి వచ్చింది. అతను సంగతంతా చెప్పాడు. ప్రమీలారాణి ఆఫీసుకి వెళ్లే ముందు, పొద్దున ఆరింటికే వచ్చి ఒక్కతే సాధన చేసుకుని వెళ్లిపోయేది. మిషను పాడైందని ఒక్కసారీ నోరు విప్పలేదు.

"నేను అడిగితేగా చెప్పేది" అని జ్ఞానమ్మ తనమీదే విసుక్కుంది. "పాత మిషనంటే ఇంతే కాబోలు అనుకుని ఉంటుంది."

ఫోన్ తీసి పరీక్ష కేంద్రం నంబరు తిప్పింది. మోగి మోగి ఆగిపోయింది. రెండో శనివారం, ఆఫీసు గదికి తాళం. ప్రమీలారాణి దగ్గర సెల్‌ఫోను లేదు. బాపట్లలో ఎవరో బంధువుల ఇంట్లో దిగింది, వాళ్ల ఇంటి పేరు కూడా జ్ఞానమ్మకి తెలియదు. నబీ సాహెబ్ వసారాలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"సాహెబు గారూ, కాసేపు ఆగి నా మాట వినండి. వెంటనే బస్సెక్కండి. గేటు దగ్గరే ఆ అమ్మాయిని పట్టుకుని జరిగింది చెప్పండి. మిషను మాత్రం ఇంక ముట్టుకోకండి."

"అలాగే టీచరమ్మ గారూ" అంటూ అతను అప్పటికే రోడ్డు మీదున్నాడు.

పదకొండు గంటల బస్సు దొరికింది. చెరుకుపల్లి దాకా బాగానే నడిచింది. అక్కడ్నుంచి రోడ్డు నిండా మినుము. కోతలైపోయి రైతులు మినుము మొక్కలు తెచ్చి తారురోడ్డు మీద మందంగా పరిచారు, బస్సులూ లారీలూ తొక్కితే కాయలు రాలతాయని. బస్సు దాని మీద అడుగులో అడుగు వేస్తూ పోతోంది. చందోలు దాటాక ఆ మినుము మొక్కల కట్టె ఇరుసుకి చుట్టుకుని బండి ఆగిపోయింది. డ్రైవరు దిగి, చొక్కా విప్పి, కొడవలి అరువు తెచ్చుకుని బండి కిందికి దూరాడు. నబీ సాహెబ్ కూడా దిగి అతని పక్కనే దూరబోయాడు.

"మీరెందుకు బాబాయ్, చొక్కా పాడైపోతుంది" అన్నాడు డ్రైవరు.

"నాకూ మరల పనే తెలుసు నాయనా, ఆ కొడవలి ఇటివ్వు" అన్నాడతను. ఇవ్వలేదు. అతను బస్సు చుట్టూ ప్రదక్షిణాలు చేశాడు. వాచీ చూసుకుంటే పన్నెండూ పది. మళ్లీ చూసుకుంటే పన్నెండూ పన్నెండు. ఆ రెండు నిమిషాల్లో అతనికి చెమటలు కారిపోయాయి.

బస్సు కదిలాక సీట్లో కూర్చోలేక ఫుట్‌బోర్డు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. జ్ఞానమ్మ చెప్పినట్టు ఆ అమ్మాయికి చెబితే? చెప్పి ఏం లాభం? వేలికి మాటలు వినపడవు. ఆరు నెలల అలవాటు అరగంటలో పోతుందా? పైగా పరీక్ష ముందు చెబితే భయంతో ఉన్నది కూడా మర్చిపోతుంది. అలా ఆలోచిస్తూ ఉండగా ఒక దారి తట్టింది. అరిగిన నాలుక డబ్బాలోనే ఉంది. దాన్ని తీసి మళ్లీ బిగిస్తే మిషను ఆ అమ్మాయికి అలవాటైనట్టే అయిపోతుంది. ఎవరికీ చెప్పనక్కర్లేదు. ముప్పై ఆరేళ్లలో తన చేత్తో ఒక్క మిషనునీ పాడుచేయలేదు. ఇప్పుడు చేయాలి. ఆ ఆలోచన మింగుడుపడలేదు గానీ, దారి దొరికిందన్న ఊరట కూడా కలిగింది.

ఒంటిగంటన్నరకి బాపట్లలో దిగాడు. రిక్షా కోసం ఆగకుండా సంచీ ఎగరేసుకుంటూ పరుగులాంటి నడక నడిచాడు. గేటు దగ్గర అభ్యర్థులు గుంపుగా ఉన్నారు. ఒక పక్కగా వేపచెట్టు నీడలో ప్రమీలారాణి నిలబడి ఉంది. కళ్లు మూసుకుని, హాల్ టికెట్టు అంటించిన అట్ట మీద వేళ్లు ఆడిస్తోంది. ఆ టికెట్టు మీది పేరు చూసి పోల్చుకుని, నబీ సాహెబ్ ఆమెకి రెండడుగుల దూరంలో ఆగాడు. ఒక్క క్షణం మాట నోటిదాకా వచ్చింది. పాపం, సాధన చేసుకుంటోంది, చెడగొట్టడం దేనికనుకున్నాడు. తల వంచుకుని ఆమె ముందు నుంచే లోపలికి వెళ్లిపోయాడు.

మెకానిక్కు కాబట్టి హాల్లోకి పోవడానికి అడ్డు లేదు. మూడో నంబరు మిషను ముందు కూర్చుని, నిన్న గంటసేపు వెతికి పెట్టిన నాలుకని రెండు నిమిషాల్లో ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. అరిగినదాన్ని బిగించాడు. గుడి కొట్టాడు. క్యారేజీ ఒక గడి ముందుకి దూకింది. మిషనుకి తను చేసిన ద్రోహం అతనికి ఎంత కష్టంగా అనిపించిందంటే, మూత మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత వరండాలోకి వెళ్లిపోయాడు.

రెండింటికి అయిదు నిమిషాల ముందు అభ్యర్థుల్ని కూర్చోబెట్టారు. పరీక్షకి ముందు అయిదు నిమిషాలు మిషను సరిచూసుకోవడానికి ఇస్తారు. ఏదైనా లోపముంటే అప్పుడే చెయ్యెత్తాలి. పేపరు మొదలయ్యాక పోయిన సమయం పోయినట్టే, తిరిగి ఇవ్వరు. నలభై మిషన్లూ ఒక్కసారి మొదలయ్యాయి. నబీ సాహెబ్ కిటికీకి చెవి ఆనించి, ఆ హోరులో మూడో నంబరు చప్పుడు కోసం వెతుక్కున్నాడు. అది రెండు దెబ్బలు కొట్టి ఆగిపోయింది. మళ్లీ రెండు కొట్టి ఆగిపోయింది.

"మెకానిక్కు" అని లోపల్నుంచి కేక. పరీక్ష అధికారి హనుమంతరావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి, ముక్కు మీద కోపం. "ఏంటి సాహెబ్, నీ బ్యాచీలో చెయ్యి లేవడం మొదటిసారి చూస్తున్నాను. రా."

ఎత్తిన చెయ్యి ప్రమీలారాణిది. దగ్గరికి వెళ్లేసరికి ఆమె కళ్ల నిండా నీళ్లున్నాయి.

"గుడి మళ్లీ పాడైందండి సాహెబ్ గారూ" అంది గొంతు తగ్గించి. "నిన్న సాయంత్రం మిషను చూసుకుందామని వచ్చాను. మీరు బాగుచేసి వెళ్లారు. కొట్టి చూస్తే అన్నీ ముద్దలు ముద్దలుగా పడ్డాయి. ఏడుపొచ్చేసింది. ఇక్కడ బజారులో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లని బతిమాలి నిన్న మూసేదాకా కూర్చున్నానండి. ఇవాళ పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా మళ్లీ కొట్టాను. వెనక్కి జరపడం మాన్పించుకున్నాను. ఇప్పుడు చూస్తే మళ్లీ ముందులాగే జరుగుతోంది."

నబీ సాహెబ్ చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "నేనేనమ్మా పాడుచేసింది. అరగంట కిందట" అన్నాడు. "నీకు అదే అలవాటని..."

ఆమె అర్థం కానట్టు చూసింది.

"సాహెబ్, రెండు నిమిషాలే ఉంది" అన్నాడు హనుమంతరావు.

ముప్పై ఆరేళ్లలో ఎన్నడూ అడగని మాట ఒకటి అప్పుడు అతని నోట్లోంచి వచ్చింది. "నీకెలా కావాలో చెప్పమ్మా. ఇలా ఉంచనా, బాగుచేయనా?"

ప్రమీలారాణి ఒక్క క్షణం మిషను వైపు చూసింది. "బాగుచేయండి" అంది.

ఆమెని లేవమనలేదు. పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. జేబులోంచి నాలుక తీశాడు. నాలుగు నిమిషాల పని. మొదటి మర వచ్చింది, రెండోది జారి ఒళ్లో పడింది. అరిగిన నాలుక ఊడింది. కొత్తది కూర్చుంది. ఒక మర బిగుస్తుండగా బెల్లు కొట్టారు. ముప్పై తొమ్మిది మిషన్లు పేపరు అందుకున్నాయి. రెండో మర గాడిలో పడటం లేదు. ఆపరేషనైన కన్ను మసకేసింది. అల్లా అల్లా అనుకుంటూ కన్ను మూసి వేలి కొసతో గాడి తడుముకున్నాడు. మర తిరిగింది. "కొట్టమ్మా" అని లేచి తప్పుకున్నాడు. ఆమెకి అప్పటికే రెండు నిమిషాలు పోయాయి. పది నిమిషాల స్పీడు పేపరది.

వరండాలోకి వచ్చి గోడకి ఆనుకున్నాడు. తిరగడానికి కాళ్లు రాలేదు. హోరులోంచి ఆమె చప్పుడు విడదీసుకుని విన్నాడు. టక్కు, టక్కు. వెనక్కి జరగలేదు. ఇంకో గుడి, జరగలేదు. రెండో నిమిషంలో ఒకసారి వెనక్కి మీట చప్పుడు వినపడింది, అతను ఒక వేలు మడిచాడు. కాసేపటికి ఇంకోసారి. ఆ తర్వాత మరి వినపడలేదు. చప్పుడు వేగం పుంజుకుంది, ఆగకుండా చివరి బెల్లు దాకా పోయింది.

ఫలితాలు ఏప్రిల్లో వచ్చాయి. ఆమె ప్యాసయింది, అదీ అంచు మీద, రెండే రెండు మార్కుల తేడాతో గట్టెక్కింది. ఇప్పటికీ రేపల్లెలో ఆ కుర్చీలోనే కూర్చుంటోంది. అది తర్వాతి సంగతి. ఆ రోజు వరండాలో ఇద్దరికీ అదేమీ తెలియదు.

ఉత్తరాలు, పట్టికలు కొట్టే రెండో పేపరు కూడా ఇచ్చేసి ఆమె బయటికి వచ్చింది. నబీ సాహెబ్ ఎదురువెళ్లాడు. తిడితే పడదామని సిద్ధంగా ఉన్నాడు.

"రెండుచోట్ల వేలు వెనక్కి పోయిందండి" అంది ఆమె. "అవి తప్పులే. పైగా ఆఖర్న ఓ రెండు లైన్లు మిగిలిపోయాయి. ఏమవుతుందో మరి."

"విన్నానమ్మా. రెండేసార్లు."

ఆమె నిట్టూర్చి మెట్టు మీద కూర్చుంది. నీళ్ల సీసా మూత తీయబోయి తీయలేకపోయింది. అప్పుడు చూశాడతను ఆమె వేళ్లు. కొసలు ఎర్రగా వాచి ఉన్నాయి. రెండు వేళ్లకి ప్లాస్టరు చుట్టి ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఆ వేళ్లు పడ్డ పాట్లు తలుచుకునేసరికి, అదీ తను ఇరవైసార్లు కొట్టి చూసుకుని మురిసిపోయిన పని వల్లేనని తలుచుకునేసరికి, నబీ సాహెబ్‌కి దుఃఖం ఆగలేదు. సీసా అందుకుని మూత తీసి ఇచ్చాడు. భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"నన్ను నాలుగు మాటలు అనమ్మా" అన్నాడు. "టీచరమ్మ గారు నీకు చెప్పమనే పంపారు. మిషను ముట్టుకోవద్దన్నారు. నేనే వినలేదు."

ప్రమీలారాణి నీళ్లు తాగి, సీసా పక్కన పెట్టి, అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అలసట ఉంది.

"ఏమంటానండి సాహెబ్ గారూ. మీరు మంచికే చేశారు, రెండుసార్లూ. ఇందాక నేను గేటు దగ్గరే ఉన్నానండి. నా ముందు నుంచే వెళ్లారు. పలకరిస్తారేమోనని కళ్లు తెరిచి చూశాను. మీరు ఆగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని కదండీ."